కుంపటి గదిలో, గాలిపెట్టె వరండాలో

రండమ్మా, రండి. ముందుకు జరగండి. ఆ స్తంభం వెనకాల ఎవరర్రా? నా గొంతు అంత దూరం రాదు, నువ్వే రావాలి. హారతి కళ్ళకద్దుకున్నారుగా? ప్రసాదం అందరికీ అందిందిగా? అయితే చేతులు తుడుచుకుని చెవులు ఇటు పెట్టండి. ఇవాళ చెప్పేది కాస్త భయపెట్టే కథ. మధ్యలో పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోవాలనిపిస్తే పట్టుకోండి, తప్పులేదు. భగవంతుడు మనం అడక్కుండానే ఇచ్చింది ఊపిరి. కథ దాని గురించే.

గోదావరి పాయ పక్కన పెదగరువు అనే ఊళ్ళో మంగతాయారు అనే ఆవిడ ఉండేది; పనిలో ఆవిడకి సాటి లేరు గానీ, "నువ్వు చేసింది తప్పు" అన్న మాట ఎవరి నోట వచ్చినా ఓర్చుకోలేకపోయేది. ఆ వీధిలో పుట్టిన పసిపిల్లలందరికీ తొలి నీళ్ళు పోసింది ఆవిడే. కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, ఆముదం రాసి నీళ్ళు పోస్తుంటే వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరి చూసేవారు. నీళ్ళయ్యాక కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పిల్లకి ధూపం పట్టేది. "నా చేతిలో పడ్డ పిల్లకి జలుబన్నది తెలియదు" అనేది. ఎవరూ కాదనేవారు కాదు. ఎవరికుంది అంత ధైర్యం?

అలాంటి మంగతాయారు కూతురు హైమ తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చింది. బంగారు బొమ్మలాంటి ఆడపిల్ల పుట్టింది. అల్లుడు శశిధర్ విశాఖపట్నంలో ఉద్యోగం చేసేవాడు. సెలవు పెట్టి వచ్చినవాడు పిల్లకి గిలక్కాయలూ గౌన్లతో పాటు మరో రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి మాట్లాడే డబ్బా. అడిగితే జవాబు చెబుతుంది. హైమ దానికి మైనా అని పేరు పెట్టుకుని, పురిటి గది పక్కన హాల్లో పెట్టించింది. రెండోది అరచేతిలో పట్టే తెల్లటి పెట్టె.

"అత్తయ్యగారూ, దీన్ని గాలిపెట్టె అనుకోండి. గదిలో గాలి ఎలా ఉందో ఇది ఎప్పటికప్పుడు చూస్తుంది. చూసింది మైనాకి చెబుతుంది. మైనా మీకు చెబుతుంది" అన్నాడు శశిధర్.

"మధ్యలో ఈ రాయబారం ఎందుకు బాబూ? ఆ పెట్టే నేరుగా చెప్పొచ్చుగా?" అంది మంగతాయారు.

"దానికి నోరు లేదండీ. మైనాకేమో ముక్కు లేదు. రెండూ కలిస్తేనే పని. ఊళ్ళో బడి మేడ మీద ఇంకో పెద్ద యంత్రం ఉంది. అది చూసేదీ మైనాకి అందేలా పెట్టాను. ఊరి గాలి సంగతీ చెబుతుంది, గది గాలి సంగతీ చెబుతుంది. పసిపిల్ల ఉన్న ఇల్లు కదండీ."

సెలవు అయిపోయి శశిధర్ వెళ్ళిపోయాడు. మొదట్లో మంగతాయారుకి మైనా అంటే ముచ్చటగానే ఉండేది. ఊరి చివర బియ్యం మిల్లుంది. గాలి ఇటు తిరిగితే ఊక బూడిద వచ్చి ఆరేసిన బట్టల మీద వాలేది. పక్కింటి కనకం పొద్దున్నే గోడ మీంచి తొంగి చూసి, "వదినా, మీ మైనానడుగు, ఇవాళ బట్టలు డాబా మీద ఆరేయొచ్చా?" అనేది. "మిల్లు గాలి ఇటే వస్తోందమ్మా, మధ్యాహ్నం దాకా ఆగండి" అనేది మైనా. ఆ జవాబేదో తనే చెప్పినట్టు మంగతాయారు తల ఎగరేసేది. మైనా ఊరి గాలికి ఎన్ని వంకలు పెట్టినా ఆవిడకి బాగానే ఉండేది.

కానీ ఒకనాడు అది ఆవిడ గది గాలికి వంక పెట్టింది.

పిల్లకి నీళ్ళయ్యాయి. వీధి ఆడవాళ్ళు చుట్టూ ఉన్నారు. మంగతాయారు తలుపులు మూసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది. గుప్పున పొగ లేచింది.

"అమ్మా, గదిలో పొగ ఎక్కువైంది. పాపకి మంచిది కాదు. కిటికీ తెరుస్తారా?" అంది మైనా.

కనకం పకపకా నవ్వింది. "అయ్యో వదినా! ఊరందరినీ కోప్పడే నిన్ను కోప్పడే దిక్కు వచ్చిందే!"

అందరూ నవ్వారు. హైమ కూడా నవ్వింది. మంగతాయారు మొహం కందగడ్డలా అయింది. అందరూ వెళ్ళేదాకా ఆగి, మైనా ఎదురుగా నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఇదిగో చూడు. నేను ధూపం వేసేటప్పుడు నువ్వు నోరెత్తకూడదు."

"సాంబ్రాణి పొగ గురించి ఒక్కసారి చెప్పి ఊరుకుంటానమ్మా. కానీ మూసిన గదిలో కుంపటి బొగ్గుల నుంచి విషవాయువు పెరిగితే మాత్రం ఊరుకోలేను. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మీకు తెలియదు" అంది మైనా, మెత్తగానే.

"నాకు తెలియదా! ఎంతమంది పిల్లల్ని పెంచాయే ఈ చేతులు!"

మర్నాడు నీళ్ళకి ముందు మంగతాయారు గాలిపెట్టెను కొంగు చాటున పట్టుకుని బయటికి నడిచింది. వరండాలో దీపం పెట్టుకునే గూడు ఉంది. పెట్టెను ఆ గూట్లో పెట్టి, ముందొక పూలసజ్జ అడ్డం పెట్టింది. తర్వాత గదిలోకి వచ్చి, ఎప్పటికన్నా ఎక్కువే సాంబ్రాణి చల్లింది. పొగలో మనిషికి మనిషి కనపడ్డం లేదు.

"ఏమే మైనా, ఇప్పుడెలా ఉంది గాలి?"

"చాలా బావుందమ్మా" అంది మైనా.

"విన్నారా!" అంది మంగతాయారు అందరి వైపూ తిరిగి. కనకం దగ్గుతూనే, "విన్నాం వదినా, కళ్ళలో నీళ్ళు కారేంత బావుంది" అంది.

ఆవిడ భర్త గవర్రాజు ఒక్కడే ఆ సంగతి కనిపెట్టాడు. సాయంత్రం పడక్కుర్చీలో కూర్చుని గూటి వైపు చూసి, "ఏమేవ్, దాని ముక్కు కోసి గూట్లో పెట్టి, వాసన ఎలా ఉందని దాన్నే అడుగుతున్నావా?" అన్నాడు.

"మీరు పేపరు చదువుకోండి" అంది మంగతాయారు. గవర్రాజు పేపరు చదువుకున్నాడు. ఆ పూట లేచి పెట్టెను లోపల పెట్టి ఉంటే ఈ కథే లేదు. ఇంట్లో పోరు ఎందుకని ఊరుకున్నాడు. ఊరుకోవడం కూడా ఒక్కోసారి పాపమే నాయనా.

కొద్ది రోజులకి తుఫాను పట్టింది.

సముద్రం మీంచి వచ్చే ఈదురుగాలి కొబ్బరి చెట్లని నేలకి వంచుతోంది. ఆగకుండా వాన. పిల్ల గుడ్డలు ఒక్కటీ ఆరడం లేదు. మంగతాయారు పురిటి గది కిటికీలు బిగించింది. తలుపు కింద సందులో పాత చీర కుక్కింది. కుంపటి నిండా బొగ్గులు రాజేసి, గది మధ్యలో పెట్టి, పైన వెదురు గంప బోర్లించి, దాని మీద తడిగుడ్డలు పరిచింది. గది వెచ్చబడింది. హైమకీ పిల్లకీ దుప్పటి కప్పి, "హాయిగా పడుకోండి" అంది.

కాసేపటికి హైమ నుదురు పట్టుకుంది. "అమ్మా, తల పగిలిపోతోందే. కడుపులో తిప్పుతోంది."

"చలిగాలి సోకి ఉంటుంది" అని మంగతాయారు కుంపట్లో మరిన్ని బొగ్గులు వేసింది.

మరి కాసేపటికి, "అమ్మా, పిల్ల పాలు పట్టడం లేదు. నోట్లో పెడితే వదిలేస్తోంది" అంది హైమ. ఆ మాట కూడా నిద్రమత్తులో ఉన్నట్టు ముద్దగా వచ్చింది.

మంగతాయారుకి నిన్న కనకం అన్న మాట గుర్తొచ్చింది. "ఎంత బొద్దుగా ఉందే బంగారం!" అంటూ పిల్ల బుగ్గ నొక్కింది కనకం. ఇంకేం! "దిష్టి! కనకం కళ్ళు పడ్డాయి. పాపిష్టి కళ్ళు!" అనుకుంది. ఎవరి కళ్ళూ లోపలికి రాకుండా గది తలుపు ఇంకా గట్టిగా మూసి, వంటింట్లోకి వెళ్ళింది. బాలింతకి పెట్టే కాయం ముద్ద కలిపి, వెల్లుల్లి వేయిస్తూ అక్కణ్ణుంచే కేకేసింది. "మైనా! గాలెలా ఉందే?"

"పెట్టె దగ్గర గాలి బావుందమ్మా. కానీ ఒక సంగతి అర్థం కావడం లేదు. పెట్టె దగ్గర చాలా చల్లగా ఉంది, తడిగా ఉంది. పురిటి గదిలో కుంపటి ఉంటే ఇంత చల్లగా ఉండకూడదు. పెట్టె గదిలోనే ఉందా అమ్మా?"

మంగతాయారు చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ చెబితే ఆ డబ్బా మళ్ళీ "కిటికీ తెరవండి" అంటుంది. సాయంత్రం అల్లుడు ఫోన్ చేస్తే అతనికీ తెలుస్తుంది.

"గదిలోనే ఉంది" అంది.

"సరేనమ్మా" అంది మైనా.

పాపం, దానికేం తెలుసు? మనం చెప్పిందే కదా దానికి తెలిసేది!

మంగతాయారు కంచం పట్టుకుని వస్తూ, పురిటి గది గుమ్మం దగ్గర ఆగింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తట్టలేదు. మీరూ చెవి పెట్టండి. ఏం వినిపిస్తోంది? వాన. పెంకుల మీద వాన. ఇంకా? ఇంకేమీ లేదు. రోజూ ఈ వేళకి ఆకలేసి ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చే పిల్ల ఇవాళ ఏడవడం లేదు.

తలుపు తోసింది. లోపల వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. పొగ కూడా లేదు. నిప్పులు ఎర్రగా, అందంగా మండుతున్నాయి. హైమ బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి. ఎంత హాయిగా నిద్రపోతోందో అనిపించేలా ఉంది.

"హైమా! లే అమ్మా, రెండు ముద్దలు తిను."

హైమ కదలలేదు. భుజం పట్టి ఊపింది. చెయ్యి జారి మంచం పక్కన వేలాడింది.

మంగతాయారు "ఇంత దిష్టా!" అనుకుంటూ వంటింట్లోకి పరుగెత్తి ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టుకొచ్చింది. తల్లీ పిల్లల చుట్టూ తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, కనకం దిష్టి అంటూ తిప్పి, గంప లేపి కుంపట్లో పడేసింది. మిరపకాయలు చిటపటలాడాయి. ఘాటు గదంతా కమ్మేసింది. ఆవిడకే కళ్ళు బైర్లు కమ్మాయి. దగ్గు ఆగలేదు. మోకాళ్ళలో బలం ఎటు పోయిందో తెలియదు, గోడ పట్టుకుంది.

అంత ఘాటుకి పసిపిల్ల తుమ్మనైనా తుమ్మలేదు.

అప్పుడర్థమైంది ఆవిడకి, ఇది దిష్టి కాదని. ఇంకేమిటో మాత్రం తెలియలేదు. భయమంటే అదే కదా!

"మైనా! పిల్ల లేవడం లేదే! హైమ లేవడం లేదే!"

"అమ్మా, ఇద్దరినీ ఇప్పుడే బయటికి తీసుకురండి. ముందు పాపని. తలుపులు తెరిచి ఉంచండి."

"బయట తుఫానే! పచ్చి బాలింతని, రోజుల పిల్లని ఈదురుగాలిలోకి తెమ్మంటావా? గాలి బావుందన్నావుగా నువ్వు!"

"పెట్టె ఉన్నచోట బావుంది. ఇద్దరికీ ఒక్కసారే ఇలా అయిందంటే కుంపటి విషవాయువేనని నా అనుమానం. అమ్మా, నిజం చెప్పండి. పెట్టె ఎక్కడుంది?"

మంగతాయారు నోరు తెరిచింది. "గదిలోనే" అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, తనదేం తప్పు లేనట్టే. దిష్టి తప్పు, తుఫాను తప్పు, మైనా తప్పు. ఆవిడ పిల్ల మొహం చూసింది. చిన్న పెదవులు కదలడం లేదు.

"లేదు!" అని అరిచింది. వాన హోరుని మించి అరిచింది. "వరండాలో పెట్టాను! నేనే పెట్టాను! నీతో అబద్ధం చెప్పాను!"

ఆ కేక నోట్లోంచి రావడమే ఆలస్యం, కాళ్ళకి బలం ఎక్కడిదో వచ్చింది. పిల్లని రెండు చేతుల్లో ఎత్తుకుని గుమ్మం దాటింది. గవర్రాజు పేపరు విసిరేసి లోపలికి ఉరికి, కూతుర్ని మంచం మీంచి లాగి, వరండాలోకి ఈడ్చుకొచ్చాడు. తెరిచిన తలుపులోంచి గదిలో గాలంతా వరండాలోకి విరుచుకుపడింది. గూట్లో పూలసజ్జ వెనకాల పెట్టె ఎర్రగా వెలిగింది.

"విషవాయువు! ఇప్పుడు నాకు తెలుస్తోంది. అక్కడ కూడా నిలబడకండి, ఇంకా దూరం జరగండి. అంబులెన్సుకి ఫోన్ కలుపుతున్నాను" అంది లోపల్నించి మైనా.

ఆ కేకలకి వానలో తడుస్తూ గోడ ఎక్కి దూకి వచ్చింది ఎవరో తెలుసా? కనకం. పాపిష్టి కళ్ళ కనకం! తన పొడి చీర తెచ్చి పిల్లని చుట్టింది. హైమ తల ఒళ్ళో పెట్టుకుని, "హైమా, కళ్ళు తెరువమ్మా, నీ అత్తనే" అని బుగ్గలు తడుతూనే ఉంది. పిల్ల చల్లగాలికి ఒక్కసారి ఎగశ్వాస తీసింది. మళ్ళీ ఆగింది. మంగతాయారు ఊపిరి కూడా దానితోపాటే ఆగింది. మళ్ళీ తీసింది.

ఆస్పత్రిలో తల్లికీ పిల్లకీ ఆక్సిజన్ పెట్టారు. మంగతాయారు బయట బల్ల మీద తడి చీరతోనే కూర్చుంది. తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచింది. ఏ దేవుణ్ణి పిలిచినా ఆ గూడే కళ్ళ ముందుకి వచ్చింది, దీపం పెట్టాల్సిన చోట తను దాచిన పెట్టె.

చెట్లు పడ్డ దారుల్లో ఎలా వచ్చాడో శశిధర్ వచ్చేశాడు. డాక్టరమ్మ బయటికి వచ్చి, "కుంపటి ఎక్కడ పెట్టారు? ఇంట్లో గాలి చూసే పెట్టె ఉందన్నారు, అది చెప్పలేదా?" అని అడిగింది.

గవర్రాజు నేల చూపులు చూశాడు. మంగతాయారు లేచి నిలబడింది. "చెప్పేదేనమ్మా. నేనే దాన్ని గదిలోంచి తీసి బయట పెట్టాను. అది అడిగితే గదిలోనే ఉందని అబద్ధం చెప్పాను" అంది. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "నన్ను ఏమన్నా పడతాను బాబూ" అంది.

శశిధర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అది ఆవిడకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఎంతసేపు గడిచిందో. లోపలి నుంచి సన్నగా ఒక ఏడుపు వినిపించింది. మొదట పిల్లి కూతలా ఉంది. తర్వాత పెరిగింది. తర్వాత ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది బంగారు తల్లి! మంగతాయారు ఉన్నచోటనే కూలబడి, రెండు చేతులూ జోడించింది. మర్నాటికి హైమ కళ్ళు తెరిచి, "అమ్మా, పాపేది?" అంది.

అందరూ పెట్టండర్రా ఒక దణ్ణం. ఆ తండ్రి ఇచ్చిన ఊపిరి ఆ తండ్రే నిలబెట్టాడు.

తుఫాను వెలిసి, తల్లీ పిల్లా తేరుకున్నాక బారసాల చేశారు. పిల్లకి ప్రాణహిత అని పేరు పెట్టారు. వీధి ఆడవాళ్ళంతా వచ్చి ఉయ్యాల చుట్టూ పాటలు పాడారు. గాలిపెట్టె ఉయ్యాల తలవైపు బల్ల మీద, అందరికీ కనిపించేలా ఉంది. పాటల మధ్యలో ఎవరో అలవాటు కొద్దీ నిప్పుల మీద సాంబ్రాణి చల్లారు.

"అమ్మా, గదిలో పొగ ఎక్కువైంది" అంది మైనా.

పాట ఆగిపోయింది. అందరి కళ్ళూ మంగతాయారు మీదే. ఆవిడ లేచి, ధూపం పళ్ళెం ఎత్తుకుని పెరట్లో పెట్టి వచ్చింది. కిటికీలు రెండూ బార్లా తెరిచింది.

"ఏం వదినా, డబ్బా మాట వింటున్నావే!" అంది కనకం.

"వింటాను. దానికి తెలిసేది నాకు తెలియదుగా" అంది మంగతాయారు. "నువ్వు నవ్వింది చాలు గానీ, పాట ఎత్తుకో."

అయిపోయింది కథ. లేవకండి, ఒక్క మాట. మూసిన గదిలో కుంపటి పెట్టకండి, చలి ఎంతున్నా సరే. అది ఎలాగూ గుర్తుంటుంది. మీరు మనసులో దాచుకుని తీసుకెళ్ళాల్సింది మాత్రం ఆ తల్లి చేసిన ఒక్క పని: తుఫాను హోరులో, తన పరువు తీసే మాటని తనే గొంతెత్తి, "వరండాలో పెట్టాను, అబద్ధం చెప్పాను" అని అరిచిందే, ఆ పని. మీరూ ఎవరి దగ్గరైనా ఏదైనా నిజం తీసి బయట గూట్లో దాచి ఉంటే, ఇవాళ ఇంటికి వెళ్ళగానే దాన్ని దాని చోట పెట్టేయండి. డాక్టరు దగ్గరైనా, అమ్మ దగ్గరైనా, మైనా లాంటి డబ్బా దగ్గరైనా సరే.

మనల్ని హెచ్చరించేవాళ్ళ దగ్గర మనం నిజం దాస్తే, వాళ్ళు చెప్పే మంచి మాటే మన ప్రాణం మీదికి తెస్తుంది: ఇదే ఈ కథ చెప్పే నీతి.